ఫాదర్ ఫెర్రర్ చూపించిన మైదానం

విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ రైతులతో బావులు తవ్వించారు. 1968లో దేశం వదిలి వెళ్లమన్నారు. మరుసటి ఏడాదే తిరిగొచ్చి మన కరువు జిల్లాను ఎంచుకున్నారు. భార్య ఆన్‌తో కలిసి ఆర్డీటీని నిలబెట్టారు.

ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి మీకు తెలిసినవే. నాకు ఆశ్చర్యమనిపించేది ఆటలు. వేరుశనగ ఎండిపోయే నేల మీద హాకీ, ఫుట్‌బాల్, జూడో ఎందుకండీ? ఊళ్లో దూరంగా ఉంచిన ఇళ్ల పిల్లలకు, గడప దాటనివ్వని ఆడపిల్లలకు జట్టులో ఒక చోటు దొరుకుతుంది కాబట్టి. బంతి పాస్ చేసేటప్పుడు ఎవరింటి బిడ్డని ఎవరడుగుతారు? వినపడని, చూపులేని పిల్లలకూ ఆర్డీటీ బడులు పెట్టింది. (మనమేమో పరీక్షలు రాగానే ముందు గేమ్స్ పీరియడే తీసేస్తాం. అందులో నేనూ ఉన్నాను.)

2009 జూన్ 19న ఫెర్రర్ కన్నుమూశారు. సమాధి బత్తలపల్లిలోనే ఉంది. 2010లో రఫెల్ నాదల్ అనంతపురం వచ్చి టెన్నిస్ బడి ప్రారంభించారు. పల్లె పిల్లలకు అక్కడ రాకెట్ పట్టడంతో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ కూడా నేర్పుతారు. ఫెర్రర్ మాత్రం దాన్ని చూడలేదు.