ఒకే బంతిలో: గోరా గారి జీవితం

మన వసతి గృహం వార్షిక సంచికలో ప్రతి ఏడూ ఒక పెద్ద మనిషి జీవితం గురించి రాసుకోవడం ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి చాలాసార్లు రాసుకున్నాం. ఈసారి మన బందరులోనే లెక్చరర్‌గా పనిచేసి, ఉయ్యూరు దగ్గర ముదునూరులో కాపురం పెట్టిన గోరా గారి గురించి రాస్తామని పూర్వ విద్యార్థులమైన మేము అడిగి మరీ ఈ పేజీలు తీసుకున్నాం. అందుకు కారణం మా మెస్సులో జరిగిన సాంబారు గొడవ. అది ముందు చెప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

మేము చేరిన ఏడాది అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు నుంచి వచ్చిన వాళ్లది ఒక జట్టు, గుడివాడ, పామర్రు వైపు వాళ్లది ఇంకో జట్టు. దివి వాళ్లు, గుడివాడ వాళ్లు అనేవారు. అందరం పేదింటి పిల్లలమే, అందరి ట్రంకు పెట్టెలూ ఒకే రకం రేకువే. అయినా నెల తిరక్కుండానే కుళాయి దగ్గర తోపులాటలు, క్రికెట్ దగ్గర తగాదాలు మొదలయ్యాయి. ఒకే హాల్లో ఒకేసారి కూర్చుని తింటే సర్దుకుంటారని పెద్దలు అనుకున్నారు. మూడో రోజు రాత్రి సాంబారు బకెట్టు ఎవరి వరుసకు ముందు రావాలన్న దగ్గర మాటామాటా పెరిగి కంచాలు ఎగిరాయి. కలిసి తింటే కలిసిపోతారన్నది అబద్ధమని ఆ రాత్రి మేము తేల్చేసుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత గోరా గారి గురించి చదివినప్పుడు, ఆయన జీవితమంతా కలిసి తినడం మీదే నిలబడి ఉండడం చూసి ఆశ్చర్యపోయాం. మాకు పనికిరానిది ఆయనకు ఎలా పనికొచ్చింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

గోరా అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరులో మొదటి అక్షరం కలిపి గోరా అయ్యారు. 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చేశారు. 1922లో సరస్వతి గారితో పెళ్లి జరిగేనాటికి ఆమెకు పదేళ్లు. మదురైలోనూ, కొలంబో ఆనంద కళాశాలలోనూ, ఆ తర్వాత కాకినాడ పి.ఆర్. కళాశాలలోనూ పాఠాలు చెప్పారు.

దేవుడి మీద నమ్మకం ఆయనకు ఒక్కరోజులో పోలేదు. మెల్లమెల్లగా పోయింది. జంధ్యం తీసేశారు. తండ్రి ఇల్లు వదిలి పొమ్మన్నారు, కులం వారు వెలివేశారు. సరస్వతి గారు గర్భిణిగా ఉన్న రోజుల్లో గ్రహణాన్ని బయట నిలబడి చూశారు. పిల్లలకు పెట్టుకున్న పేర్లు కూడా లోకానికి కొత్తే. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. యుద్ధం ముంచుకొచ్చిన 1939లో పుట్టిన కొడుకు సమరం. తొమ్మిదో సంతానానికి నౌ అని పెట్టారు. మా బ్యాచ్‌లో ఒకడు ఈ సంగతి విని, తన పేరు కూడా ఇంట్లో లెక్క ప్రకారం పెట్టి ఉంటే బాగుండేదని వాపోయాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. జంధ్యం అంటే మూడు పోగుల దారం. అది తీసేస్తే తండ్రి కొడుకును ఎందుకు వదులుకోవాలి? తండ్రికి కొడుకు మీద ప్రేమ లేదనుకోవడం పొరపాటు. నలుగురూ ఏమనుకుంటారన్నది ఆయన భయం. ఆ నలుగురిలో ఒక్కొక్కరిదీ అదే భయం. ఈ భయాన్ని అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950 ప్రాంతంలో ఒక చిన్న ప్రయోగంతో చూపించాడు. కొందరు యువకుల్ని కూర్చోబెట్టి కార్డు మీద గీతలు చూపించి, ఏ గీత ఏ గీతతో సమానమో చెప్పమన్నాడు. చిన్నపిల్లాడు కూడా చెప్పగలిగినంత తేలిక. కానీ ఒక్కడు తప్ప మిగతా వాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెబుతారు. ఆ ఒక్కడు తన కళ్లతో చూస్తూ కూడా, దాదాపు మూడింట ఒక వంతు సార్లు వాళ్లతో పాటు తప్పే చెప్పాడు. అదే గదిలో ఇంకొక్కడు నిజం చెబితే ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. అక్కడ కావలసింది పెద్ద గుంపు కాదు, తోడుగా నిలిచే ఒక్క గొంతు.

గోరా గారికి ఆ తోడు ఇంట్లోనే దొరికింది. సరస్వతి గారు లేకపోతే గోరా గారు లేరని మా అభిప్రాయం. జీవిత చరిత్రలు రాసేవారు ఆమెను రెండు వాక్యాల్లో ముగిస్తారు. అది న్యాయం కాదు. వెలి అనేది మగవాడికంటే ముందు ఆడదానికి తగులుతుంది. పేరంటానికి పిలవరు, నీళ్ల బిందె పక్కన బిందె పెట్టనివ్వరు. అవన్నీ దాటి నిలబడిన మనిషి ఆమె.

భావాల కారణంగా కాకినాడ ఉద్యోగం 1933లో పోయింది. తర్వాత మన బందరు హిందూ కళాశాలలో చేరారు. ఆ రోజుల్లో ఒకే కాలేజీలో చదివే పిల్లలు కూడా కులాన్ని బట్టి వేరువేరు చోట్ల తినేవారు. బందరులో సుమారు అయిదేళ్లు పనిచేశాక 1939లో మళ్లీ అదే కారణంతో ఉద్యోగానికి ఎసరు వచ్చింది. 1940లో కాలేజీ కొలువు పూర్తిగా వదిలి, ఊరివారి పిలుపు మీద భార్యాపిల్లలతో ముదునూరు వెళ్లిపోయారు. ఆ ఏడాది ఆగస్టులో అక్కడ నాస్తిక కేంద్రం మొదలైంది. నెల జీతం వచ్చే లెక్చరర్ ఇంతమంది పిల్లల్ని వెంటేసుకుని పల్లెటూరి పాకలోకి మారడం ఎలాంటిదో, నెలాఖరున ఇంటి నుంచి మనియార్డరు కోసం ఎదురుచూసిన మాకు కొంచెం తెలుసు.

ముదునూరులో ఆయన చేసిన పనుల్లో చదువు చెప్పడం ఒకటి, సహపంక్తి భోజనాలు రెండోది. పున్నమి రాత్రుల్లో అన్ని కులాల వారూ బహిరంగంగా ఒకే బంతిలో కూర్చుని తినేవారు. బహిరంగంగా అన్న మాట దగ్గరే అసలు కీలకం ఉంది. చాటుగా తినేవారు ఆ కాలంలో కూడా ఉండే ఉంటారు. చాటున తిన్నవాడు పొద్దున్నే మళ్లీ పాత మనిషి అయిపోవచ్చు. పండు వెన్నెల్లో, ఊరంతా చూస్తుండగా తిన్నవాడు మర్నాడు ఆ మాట కాదనలేడు. పైగా పక్కింటి వాడు కూడా అక్కడే కూర్చున్నాడని కళ్లారా చూస్తాడు. నలుగురూ ఏమనుకుంటారన్న భయానికి ఆ నలుగుర్నే పట్టుకొచ్చి బంతిలో కూర్చోబెట్టడం గోరా గారు కనిపెట్టిన మందు.

సరిగ్గా అదే కాలంలో, రెండో ప్రపంచ యుద్ధంలో, అమెరికాలో మాంసం కొరత వచ్చింది. గుండెకాయ, కార్జం లాంటివి అక్కడి గృహిణులు వండేవారు కాదు. వాళ్ల చేత వండించడం ఎలాగని కర్ట్ లెవిన్ అనే శాస్త్రవేత్త పరీక్షించాడు. కొందరికి మంచి ఉపన్యాసం ఇప్పించాడు. ఇంకొందరిని గుంపుగా కూర్చోబెట్టి, వాళ్లలో వాళ్లే చర్చించుకుని చివరికి అందరి ముందూ చెయ్యెత్తేలా చేశాడు. ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం మంది వండితే, చర్చించి చెయ్యెత్తిన వారిలో 32 శాతం మంది వండారు. తిండి అలవాటు ఒక్కరి నాలుకకు సంబంధించినది అనుకుంటాం గాని అది గుంపుది. అంటరానితనం గురించి ఉపన్యాసాలు మన జిల్లాలో ఎన్ని జరగలేదు! దండలు వేసుకుని దిగిపోయిన వాళ్లు ఎంతమంది లేరు!

మరి మా సాంబారు సంగతేమిటి? దానికి జవాబు కూడా ఒక హాస్టల్ లాంటి చోటే దొరికింది. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఓక్లహామాలో పదకొండేళ్ల వయసున్న 22 మంది పిల్లల్ని వేసవి శిబిరానికి తీసుకెళ్లి, ఒకరికొకరు తెలియకుండా రెండు జట్లుగా ఉంచాడు. తర్వాత వాళ్ల మధ్య పోటీలు పెట్టాడు. జెండాలు తగలబెట్టుకున్నారు, గదుల మీద దాడులు చేసుకున్నారు. రాజీ చేద్దామని అందరినీ ఒకే హాల్లో భోజనానికి కూర్చోబెడితే తిండి విసురుకున్నారు! ఇది చదివినప్పుడు మాకు నవ్వాగలేదు. అక్కడ సాంబారు లేదు, అంతే తేడా. తర్వాత నీళ్ల సరఫరా ఆగినప్పుడు రెండు జట్లూ కలిసి బాగుచేసుకోవలసి వచ్చింది. ఆగిపోయిన లారీని అందరూ కలిసి తాడు కట్టి లాగారు. అలాంటి పనులు నాలుగైదు జరిగాక వాళ్ల మధ్య శత్రుత్వం తగ్గింది. ఈ ప్రయోగంలో పెద్దలే తెర వెనుక గొడవలు ఎగదోశారని తర్వాత విమర్శలు వచ్చాయి, అది గుర్తుంచుకోవాలి. అంతకుముందు 1953లో చేసిన ఇలాంటి ప్రయత్నమే విఫలమైంది. అక్కడ పిల్లల్ని ముందు కలిసి ఉండనిచ్చి తర్వాత విడదీశారు. ఒకసారి స్నేహం కుదిరిన పిల్లలు ఎంత రెచ్చగొట్టినా కొట్టుకోలేదు.

మా కథలో లారీ లేదు గాని నాటకం ఉంది. ఆ ఏడాది వార్షికోత్సవానికి వేసిన నాటకంలో రాజు వేషం దివి కుర్రాడిది, మంత్రి గుడివాడ కుర్రాడు. ఒకడి డైలాగు ఇంకొకడు అందిస్తే తప్ప ఆట నడవదు. ఫిబ్రవరి వచ్చేసరికి జట్లు ఏమయ్యాయో మాకే తెలియదు.

ముదునూరు భోజనాలకూ మెస్సు భోజనానికీ ఉన్న తేడా అదే. మమ్మల్ని తెచ్చి కూర్చోబెట్టారు. అక్కడ ఎవరికి వారే వచ్చి కూర్చున్నారు. భోజనం వెనుక చదువు, పోరాటం అనే ఉమ్మడి పని కూడా ఉంది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గోరా, సరస్వతి ఇద్దరూ జైలుకు వెళ్లారు. సరస్వతి గారు చంటిబిడ్డతో వెళ్లారు.

అయితే భోజనం ఎంత గొప్పదైనా చెయ్యి కడుక్కోగానే అయిపోతుంది. ఎవరింటికి వారు, ఎవరి బావికి వారు వెళ్లిపోవచ్చు. ఆ సంగతి గోరా గారికి తెలియకపోలేదు. అందుకే మాటను తన గడపలోకి తెచ్చుకున్నారు. పెద్ద కూతురు మనోరమను దళితుడైన అర్జునరావు గారికి ఇచ్చి చేయాలని నిశ్చయించారు. 1944 చివర నుంచి గోరా గారికి గాంధీజీతో పరిచయం ఉంది. దేవుణ్ణి నమ్మిన ఆయన, నమ్మని ఈయన గంటల తరబడి వాదించుకుని కూడా స్నేహంగానే మిగిలారు. ఈ పెళ్లి సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికి కూడా సమ్మతించారు. కానీ 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. పెళ్లి ఆగలేదు. మార్చి 13న సేవాగ్రాంలోనే జరిగింది. 1960లో లవణం గారు మహాకవి జాషువా గారి కుమార్తె హేమలత గారిని చేసుకున్నారు. ఇతరుల పిల్లల పెళ్లిళ్ల గురించి ధర్మపన్నాలు చెప్పే సంస్కర్తల్ని మేము చాలామందిని చూశాం. సొంత బిడ్డల దగ్గరకు వచ్చేసరికి గొంతు మారనివాళ్లు తక్కువ.

1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని ఆయన ఎన్నికల్లో నిలబడ్డారు, ఢిల్లీ దాకా పాదయాత్ర చేశారు. వాటి ఫలితం స్వల్పమేనని ఒప్పుకోవాలి. 1972 ఆగస్టు 15న గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి వడ్డించిన స్నేహ భోజనం పెట్టారు. అటువాళ్లూ ఇటువాళ్లూ వద్దన్నా ఆపలేదు. అది అనవసరపు రెచ్చగొట్టడమని మాలో కొందరు, పున్నమి భోజనాలకు కొనసాగింపే అని మరికొందరు ఈ వ్యాసం రాస్తూ కూడా వాదించుకున్నాం. తేలలేదు.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే కుప్పకూలి కన్నుమూశారు. 72 ఏళ్లు. రెండేళ్లకు, 1977 నవంబరు 19న, ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఆయన సంస్థ వాళ్లు మా తాతల ఊళ్లకు సహాయానికి వచ్చారు. అప్పటి ముచ్చట్లు మా ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతుంటే విన్నాం గాని, వచ్చినవాళ్ల వెనుక ఉన్న మనిషి ఎవరో చాలా కాలం మాకు తెలియదు.

తమ్ముళ్లకు ఒక మాట. ఈ ఏడాది వార్షికోత్సవం రాత్రి భోజనాలకు గదుల వారీగా కూర్చోవద్దు. చీటీలు మేమే రాసి తెస్తున్నాం, ఎవరికి వచ్చిన చోట వారు కూర్చోవాలి. వంట దగ్గర, వడ్డన దగ్గర ప్రతి గది నుంచి ఇద్దరేసి కావాలి, పేర్లు ముందుగా ఇవ్వండి. సాంబారు బకెట్టు మాత్రం మా బ్యాచ్ వాళ్లమే పట్టుకుంటాం.