మూసీ వరద మిగిల్చిన ఒకే ఒక్కరు: అమ్జద్ హైదరాబాదీ

1908లో వచ్చిన మూసీ వరదను హైదరాబాద్ పాతతరం పెద్దలు తుగ్యానీ అనేవారు. ఆ తుగ్యానీ మాట వస్తే గుర్తొచ్చే మనిషి హజ్రత్ అమ్జద్ హైదరాబాదీ. నాలుగు పాదాల్లో చెప్పే రుబాయీకి దక్కన్‌లో పెట్టింది పేరు ఆయన.

పసివాడిగా ఉన్నప్పుడే తండ్రి పోయారు. ఉన్నంతలో తల్లే పెంచి, చదివించింది. జామియా నిజామియాలో చదువుకున్నారు. తర్వాత పెళ్లయింది, కూతురు పుట్టింది. ఇంట్లో అమ్మ, భార్య, పాప, ఆయన.

ఆ ఏడాది సెప్టెంబర్ ఆఖరు. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. వాన ఆగకుండా కురిసింది. ఎగువన చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. రెండు వందలకు పైగా కట్టలు కొట్టుకుపోయాయి. ఆ నీళ్లన్నీ కలిసి 28వ తేదీన ఊరి మీద పడ్డాయి. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. వేలమంది చనిపోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

అమ్జద్ ఇంటికి ఆ అదృష్టం లేకపోయింది. కళ్లముందే అమ్మ, భార్య, పాప ముగ్గురూ వరదలో పోయారు. మిగిలింది ఆయనొక్కరే. అప్పటికి ఆయన ఇంకా కుర్రవాడే.

ఆ దుఃఖాన్ని ఆయన ఖయామతె సుగ్రా అనే కవితగా రాశారు. చిన్న ప్రళయం అని దాని అర్థం. కొన్నేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకున్నారు, నిజాం సర్కారు లెక్కల శాఖలో నౌకరీ చేశారు. పగలు అంకెలు, తీరిక దొరికితే రుబాయీలు. వాటిల్లో సబర్ గురించి, అల్లాహ్ మీద భరోసా గురించి ఎంత చెప్పినా ఉపన్యాసంలా అనిపించదు. చెప్పేది అన్నీ పోగొట్టుకున్న మనిషి కదా! 1961లో కన్నుమూశారు.

వరద తర్వాత మహబూబ్ అలీ పాషా ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీదే తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండూ ఇప్పటికీ నగరాన్ని కాస్తున్నాయి. అయినా 2020 అక్టోబర్‌లో చెరువులు పొంగి, ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. నీళ్లు తమ పాత దారి మర్చిపోవు. మనమే మర్చిపోయి ఆ దారిలో ఇళ్లు కట్టుకుంటున్నాం.

చనిపోయినవాళ్ల లెక్క పుస్తకాల్లో ఒక అంకె. అమ్జద్ సాహెబ్‌కు ఆ అంకెలో ముగ్గురు తన ఇంటివాళ్లు. రాత్రంతా వాన తగ్గకపోతే ముందు ముసలివాళ్లనీ పిల్లల్నీ పైకి చేర్చండి. సామాన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.