తిండికి పద్దు రాసిన గాంధీజీ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనమంతా లెక్కల మధ్యే బతికాం. క్యాష్ బుక్కు, స్టాకు రిజిస్టరు, టి.ఎ. బిల్లు - దేనిలోనైనా పావలా తేడా వస్తే పొద్దుపోయేదాకా కూర్చుని సరిచూసిన వాళ్లం. పదవీ విరమణ చేశాక మాత్రం ఒక లెక్క మన చేతికి చిక్కడం లేదు. అది మన కంచంలోని లెక్క.

షుగరో, బి.పి.యో ఉందని తేలగానే డాక్టరు గారు రోజూ తిన్నది రాసుకు రమ్మంటారు. కొత్త నోటుబుక్కు కొంటాం. గీతలు గీసి, తేదీ వేసి, ఎన్ని రొట్టెలు, ఎంత అన్నం, ఎన్ని కేలరీలు అని ముచ్చటగా రాస్తాం. పదిహేను రోజులు గడుస్తాయి. ఇంతలో చుట్టాలింట పెళ్లి వస్తుంది, ఆ వెనుకే పండుగ వస్తుంది. నెల తిరిగేసరికి ఆ నోటుబుక్కు పాల లెక్కకు పనికొస్తుంది. జైనూరులో కాలం గడుపుతున్న ఈ వ్యాసకర్త అనుభవమూ ఇదే. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మానేశాను.

ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో ఉత్తరాదికి పోయే రైలెక్కితే బల్లార్షా, చంద్రాపూర్ దాటాక సేవాగ్రామ్ వస్తుంది. మన జిల్లాకు ఇరుగుపొరుగు లాంటి ఆ ఊళ్లో గాంధీజీ 1936 నుంచి ఆశ్రమ జీవితం గడిపారు. స్వాతంత్ర్య పోరాటంలో ఆయన చేసిన పనులు మన పిల్లలకు సైతం తెలుసు. తిండికి ఆయన రాసిన పద్దు సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ. ఆయన కేలరీలు లెక్కపెట్టలేదు. ఔన్సులు, తులాలు, పదార్థాల సంఖ్య, అయిన ఖర్చు లెక్కపెట్టారు. ఆ అలవాటును ఇరవై ఏళ్ల ప్రాయంలో పట్టుకుని చివరిదాకా విడవలేదు. అది ఎలా సాధ్యమైందో తెలుసుకుంటే మన నోటుబుక్కుకు కూడా కొంత ఆయుష్షు పెరుగుతుందని ఈ ప్రయత్నం.

లండన్‌లో మొదటి లెక్క

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో జన్మించారు. 1888లో బారిస్టరు చదువు కోసం లండన్ వెళ్లారు. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్లినందున మొదట్లో ఆకలితో అల్లాడిపోయారు. బస చేసిన ఇంట రెండు మూడు రొట్టె ముక్కలకు మించి అడగడానికి మొహమాటం. వెతగ్గా వెతగ్గా ఒక శాకాహార హోటలు కనబడిన నాడు కడుపునిండా తిన్నారు.

ఆ రోజుల్లోనే ఆయన ఖర్చు రాయడం మొదలుపెట్టారు. బస్సు ఛార్జీ, తపాలా బిళ్ల, వార్తాపత్రిక - ఏదీ వదలకుండా రాసి, రాత్రి పడుకునే ముందు నిల్వ సరిచూసుకునేవారు. లెక్క చూసుకుంటే ఖర్చు ఎక్కడ కారిపోతోందో తెలిసింది. రెండు గదుల బస వదిలి ఒక్క గదికి మారారు. ఒక స్టవ్ కొని, ఉదయం ఓట్స్ జావ, కోకో తామే కాచుకున్నారు. మధ్యాహ్నం బయట తిని, రాత్రి రొట్టె, కోకోతో సరిపెట్టుకున్నారు. రోజుకు తిండి ఖర్చు ఒక షిల్లింగు మూడు పెన్నీలకు దిగింది. బండి ఎక్కడం తగ్గించి రోజూ ఎనిమిది, పది మైళ్లు నడిచారు. డబ్బు లెక్క నుంచే ఆయనకు తిండి లెక్క పుట్టింది. మనబోటి ఉద్యోగులకు ఇది ఇట్టే అర్థమయ్యే సంగతి.

ఆహారంలోని శక్తిని కేలరీల్లో కొలిచే పద్ధతిని అమెరికాలో ఆట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ తరువాత 1890ల దశకంలో స్థిరపరిచారు. పిండిపదార్థం గానీ మాంసకృత్తులు గానీ గ్రాముకు 4 కేలరీలు, కొవ్వు 9 కేలరీలు ఇస్తాయని నేటికీ మనం వేసే లెక్క ఆయన చలవే.

తప్పులు కూడా పద్దులోకే

1893లో దక్షిణాఫ్రికా చేరిన గాంధీజీ ఆ ఏడాదే పచ్చి తిండి ప్రయోగం చేశారు. నానబెట్టిన గోధుమలు, బఠానీలు, ఎండుద్రాక్ష చెంచాలతో కొలుచుకుని, ఏ రోజు ఎంత తిన్నదీ, ఒళ్లు ఎలా ఉన్నదీ దినచర్యలో రాశారు. కొద్ది రోజులకే నీరసం వచ్చింది. ప్రయోగం ఆపి, అది ఫలించలేదన్న సంగతిని కూడా లండన్‌లోని శాకాహారుల పత్రికకు రాసి పంపారు.

జోహానెస్‌బర్గ్‌లో వకీలుగా బాగా సంపాదిస్తున్న రోజుల్లో ఆయనకు మలబద్ధకం, తలనొప్పి పట్టుకున్నాయి. మూడు పూటలా నిండుగా తిని, మధ్యాహ్నం టీ కూడా తాగేవారు. ఉదయం ఫలహారం మానేసి చూశారు. మొదట కష్టమనిపించినా తలనొప్పి పోయింది. అవసరానికి మించి తింటున్నానని తమకు తామే తేల్చుకున్నారు. 1912లో పాలు కూడా మానేశారు.

ఈ పట్టుదల ఇంట్లోవారికి అన్నివేళలా సుఖమివ్వలేదు. కస్తూరిబాకు రక్తస్రావం అయినప్పుడు ఉప్పు, పప్పు మానమని ఆయన బతిమాలారు. మీరైనా మానగలరా అన్న అర్థం వచ్చేట్టు ఆమె బదులు చెప్పారు. ఆ క్షణమే ఆయన ఏడాదిపాటు రెండూ మానేస్తానని శపథం పట్టారు. ఆమె కన్నీరు పెట్టుకుని, తాను మానేస్తాను గానీ మీరు శపథం వెనక్కు తీసుకోండని వేడుకున్నా ఆయన వినలేదు. కంచం లెక్క ఒక్కరిదిగా మొదలైనా ఇంటిల్లిపాదినీ తాకుతుంది. ఇల్లాలి మాట కూడా ఆ పద్దులో ఒక పంక్తి అని మనం మరువరాదు.

ఐదు పదార్థాల నియమం

1915లో గాంధీజీ భారతదేశానికి తిరిగి వచ్చారు. అప్పుడు పండ్లు, గింజలే ఆయన ఆహారం. కలకత్తాలో ఆతిథ్యమిచ్చిన వారు నగరంలో దొరికే పండ్లన్నీ తెప్పించారు. ఆ ఇంటి ఆడవాళ్లు రాత్రంతా మేలుకుని గింజల పొట్టు ఒలిచారు. నిరాడంబరమనుకున్న తిండి ఎదుటివారికి ఇంత భారమైందా అని ఆయన మనసు నొచ్చుకుంది. ఆ ఏడాదే హరిద్వార్ కుంభమేళాలో ఒక నిర్ణయం తీసుకున్నారు. ఇరవై నాలుగు గంటల్లో ఐదు పదార్థాలకు మించి తినరాదు. చీకటి పడ్డాక తినరాదు. జబ్బు చేస్తే ఎలా అని కూడా ముందే ఆలోచించుకుని, మందును సైతం ఆ ఐదింటిలోనే కలిపారు. మినహాయింపు లేనేలేదు.

నా దృష్టిలో ఆయన జీవితంలోని తిండి లెక్కంతటికీ కీలకం ఇక్కడే ఉంది. ప్రతి ముద్దనూ తూచి రాయడం ఎంతటి వారికైనా విసుగు పుట్టిస్తుంది. ఐదు వేళ్లపై లెక్కపెట్టగల నియమానికి త్రాసు అక్కరలేదు, నోటుబుక్కు అక్కరలేదు. రైల్లో ఉన్నా, జైల్లో ఉన్నా, విందులో ఉన్నా అది పనిచేస్తుంది. తరువాత ఆయన రాసుకున్న ఆత్మకథలో ఈ రెండు నియమాలూ తమ ఆయుష్షును పెంచాయనే భావం వెలిబుచ్చారు.

అయినా పొరపాట్లు తప్పలేదు. 1918లో గుజరాత్‌లో ఒక పండుగ నాడు తీపి జావ కాస్త ఎక్కువ తాగారు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. జిగట విరేచనాలు పట్టుకుని మంచం దిగలేని స్థితి వచ్చింది. పాలు తాగితే తప్ప కోలుకోలేరని వైద్యులన్నారు. పాలు ముట్టనన్న వ్రతం ఉంది. తాము వ్రతం పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా అని కస్తూరిబా దారి చూపగా మేకపాలకు ఒప్పుకున్నారు. వ్రతం అక్షరం నిలిచినా ఆత్మ చెడిందని జీవితాంతం బాధపడ్డారు. కానీ బతికి బయటపడ్డారు.

రాజమండ్రి ప్రయోగం

ఈ కథలో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది. 1929 వేసవిలో గాంధీజీ ఆంధ్రదేశంలో పర్యటించారు. రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు గారు నిప్పు తగలని ఆహారం గురించి ఆయనతో ముచ్చటించారు. పాత ఆసక్తి మళ్లీ మేల్కొంది. ఈసారి కొలతలు పక్కాగా పెట్టుకున్నారు. రోజుకు మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, బాదం ముద్ద 8 తులాలు, నూరిన ఆకుకూర 8 తులాలు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. దీన్నంతా రెండు పూటలుగా తినేవారు. తమ పత్రిక యంగ్ ఇండియాలో ఈ జాబితాను ప్రకటించారు.

తులం అంటే దాదాపు 11.66 గ్రాములు. ఇప్పటి పట్టికల ప్రకారం లెక్క వేసి చూస్తే ఈ మొత్తం సుమారు 1,100 కేలరీలకు మించదు. దేశమంతా తిరిగే అరవై ఏళ్ల మనిషికి ఇది చాలదు. ఆగస్టు నాటికి మళ్లీ జిగట విరేచనాలు వచ్చాయి. ప్రయోగం ఆపి మేకపాలకు తిరిగి వచ్చారు. ఆ సంగతినీ దాచకుండా ప్రకటించారు. కొలిచి తింటే చాలదు, కొలత సరైనదై ఉండాలన్న పాఠం ఇందులో ఉంది. తప్పు కనబడగానే దిద్దుకోగలిగారంటే పద్దు ఉన్నందువల్లనే. లెక్క లేని వాడికి తప్పెక్కడ జరిగిందో తెలియదు.

వార్ధా నుంచి ఆగాఖాన్ భవనం దాకా

1934 చివర అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడ్డాక వార్ధాలో ఆయన దృష్టి పేదవాడి కంచం మీదికి మళ్లింది. మరపట్టిన బియ్యానికి బదులు దంపుడు బియ్యం, చక్కెరకు బదులు బెల్లం, ఊరికే దొరికే ఆకుకూరలు - తక్కువ డబ్బుతో ఎక్కువ బలం ఎలా వస్తుందన్నదే ఆలోచన. అదే కాలంలో కూనూరులోని పోషకాహార పరిశోధనశాల మన దేశపు తిండి పదార్థాల విలువల పట్టికలు తయారు చేసింది. 1918లో చిన్నగా మొదలైన ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక దారిన పోయేటప్పుడు దాని బోర్డు మనలో చాలామంది చూసే ఉంటారు.

1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా గాంధీజీ ఆరోగ్యంపై ఒక చిన్న పుస్తకం రాశారు. కూర్చుని పనిచేసే వ్యక్తికి రోజుకు ఎంత ఆహారం కావాలో అందులో ఇచ్చారు. ఆవుపాలు 2 పౌన్లు, ధాన్యాలు 6 ఔన్సులు, ఆకుకూరలు 3, ఇతర కూరగాయలు 5, పచ్చివి 1 ఔన్సు, నెయ్యి ఒకటిన్నర లేదా వెన్న 2 ఔన్సులు, బెల్లం గానీ చక్కెర గానీ ఒకటిన్నర ఔన్సు. పండ్లు ఎవరి రుచిని బట్టి, ఎవరి జేబును బట్టి వారు. ఔన్సుకు 28 గ్రాముల చొప్పున చూస్తే, పండ్లు కాక సుమారు 1,800 కేలరీలు వస్తాయి. 2020లో మన వైద్య పరిశోధనా మండలి, పోషకాహార సంస్థ కలిసి శారీరక శ్రమ లేని పురుషునికి 2,110, స్త్రీకి 1,660 కేలరీలు అని లెక్క ఇచ్చాయి. పండ్లు కలుపుకుంటే ఆ పెద్దాయన లెక్క దానికి మరీ దూరంగా లేదు. 1929 నాటి 1,100 నుంచి 1942 నాటి 1,800 దాకా వచ్చారంటే, ఆ పదమూడేళ్లలో ఆయన నేర్చుకున్నది ఎంతో ఉంది.

గాంధీజీని అన్నింటా అనుకరించమని నేను చెప్పడం లేదు. 1939లో ఆయన బరువు 46.7 కిలోలు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. అది నేటి కొలతల ప్రకారం ఉండవలసిన దానికన్నా తక్కువే. 1940లో రక్తపోటు 220/110 దాకా పోయింది. మితాహారం అన్ని జబ్బులకూ మందు కాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఆయనలా ఫలహారం మానేస్తే ప్రమాదం. ఆ నెయ్యి, బెల్లం కొలతలు కూడా మనలో అందరికీ పనికిరావు. వయసు మీద పడ్డాక బరువు మరీ తగ్గిపోవడం మంచిది కాదు. ఏదైనా డాక్టరు గారిని అడిగే చేయాలి.

1948 జనవరి 30న తూటాలకు నేలకొరిగే నాటికి గాంధీజీ వయసు 78 ఏళ్లు. 1915 నాటి ఐదు పదార్థాల నియమం అప్పటికి ముప్పై మూడో ఏట నడుస్తోంది.

మన ప్రాంతంలో జొన్నరొట్టె, జొన్నగట్క తిని పెరిగిన తరం మనది. అప్పట్లో కేలరీలు ఎక్కువైపోతాయన్న బెంగ ఎవరికీ లేదు. చేను పని, అంగడికి నడక వాటిని కరిగించేవి. ఇప్పుడు పెన్షను నెలనెలా వస్తోంది, నడక తగ్గింది, టీలు పెరిగాయి. కప్పుకు రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు టీలు తాగితే ఒక్క చక్కెరే 160 కేలరీలు. కూరలో అదనంగా పడే ఒక్కో చిన్న చెంచాడు నూనె 45 కేలరీలు.

నాలుగోసారి నోటుబుక్కు తెరుస్తూ ఈసారి నేను అన్నీ రాయడం లేదు. చక్కెర ఎన్ని చెంచాలు, నూనె నెలకు ఎన్ని కిలోలు, రాత్రి ఎన్నింటికి తిన్నాను - ఈ మూడే రాస్తున్నాను. తప్పిన రోజున తప్పిందని రాస్తున్నాను, పేజీ చింపడం లేదు. నూనె లెక్క మాత్రం ఇంటావిడ చేతిలో ఉంది. ఆమె ఒప్పుకున్న లెక్కే నిలుస్తుందని ఇన్నేళ్లకు బోధపడింది. మిత్రులు కూడా తమకు చేతనైన రెండు మూడు అంశాలు ఎంచుకుని మొదలుపెట్టాలని మనవి. ఆఫీసులో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన చేతికి ఇది అలవికాని పని కాదు.