ఎదుటివాడు బలహీనుడనుకుంటే లెక్క తప్పుతుంది!

వ్యాసుడు తపస్సు చేసిన చోటని బాసరకు పేరు. జూదం ఒక రాజ్యాన్ని ఎలా మింగేసిందో భారతంలో చెప్పిందీ ఆయనే. ఆ ఊళ్లోని ట్రిపుల్‌ఐటీలో చదువుతున్నా, మరెక్కడ చదువుతున్నా, పేకముక్కల మీద డబ్బు పెట్టాలనిపిస్తే ముందు జాన్‌ వాన్‌ న్యూమన్‌ గురించి తెలుసుకోండి.

ఆయన 1903 డిసెంబరు 28న బుడాపెస్ట్‌లో పుట్టాడు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. లెక్కలు నమ్ముకుంటే బతుకు గడవదని ఆయన బెంగ. మన ఇళ్లల్లో వినపడే మాటే కదా! కొడుకు గొడవపడలేదు. ఇటు జ్యూరిక్‌లో కెమికల్‌ ఇంజినీరింగ్‌ చదువుతూనే, అటు బుడాపెస్ట్‌లో గణితంలో డాక్టరేట్‌కు సిద్ధమయ్యాడు. 1926లో రెండూ చేతికొచ్చాయి.

1928లో ఆటల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి అయ్యే ఆటలో, ఎదుటివాడు ఎంత తెలివిగా ఆడినా మన నష్టం ఒక హద్దు దాటకుండా చూసుకునే మార్గం ఉంటుందని రుజువు చేశాడు. చదరంగంలో బలగమంతా కళ్ల ముందే ఉంటుంది. పోకర్‌లో అలా కాదు, ముక్కలు దాగి ఉంటాయి. అందుకే ఆయనకు పోకర్‌ నచ్చింది. ఆర్థికవేత్త ఆస్కార్‌ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో తెచ్చిన పుస్తకంలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఆట బాగా కుదించి లెక్క కట్టగా తేలిందేమిటంటే... పందెం పెంచాల్సింది చాలా మంచి ముక్కలతో, అప్పుడప్పుడు చాలా చెత్త ముక్కలతో. మధ్యరకం ముక్కలు పడితే ఆగడమే మేలు.

ఇప్పుడు కొత్త ఆటగాళ్లు చేసే పొరపాటు చూడండి. చేతిలో చిన్న జత ఉంది. ముందుగా పలకాల్సిన వంతూ మీదే. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు ఆట రాదు కాబట్టి దిగిపోదాం అనుకుంటారు. కానీ టేబుల్‌ మీద తొలి మూడు ముక్కలు తెరిచినప్పుడు మీ జతకు మూడో ముక్క కలిసే అవకాశం నూటికి దాదాపు 12 మాత్రమే. కలవనప్పుడల్లా పెట్టింది పోయినట్టే అయితే, కలిసినప్పుడు దానికి ఏడెనిమిది రెట్లు రావాలి. అప్పుడే అసలు దక్కుతుంది. పైగా మీ వెనక ఇంకా పలకాల్సినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్కరు పందెం పెంచినా మీ లెక్క తారుమారు. బలహీనులు ఊరికే డబ్బు వదులుకుంటారన్నది కొంత నిజమే. అయితే ప్రతి పందేనికీ సై అనేవాడి ముందు బెదిరింపు పనిచేయదు. అన్నిటికన్నా ముఖ్యం, వాడు బలహీనుడన్నది మీ అంచనా. న్యూమన్‌ సిద్ధాంతం అలాంటి అంచనా మీద నిలబడలేదు. ఎదుటివాడు తెలివైనవాడనే అనుకుని లెక్క కట్టింది.

ఇంత కనిపెట్టినవాడు పోకర్‌లో మాత్రం మామూలు ఆటగాడేనని చెబుతారు. ఆ జ్ఞానాన్ని ఆయన పేకాట బల్ల దగ్గర ఖర్చు చేయలేదు. ఆర్థికశాస్త్రానికీ, యుద్ధ వ్యూహాలకూ ఇచ్చాడు. 1945లో రాసిన నివేదికలో ఆదేశాలనూ, సమాచారాన్నీ ఒకే మెమరీలో దాచే కంప్యూటర్‌ నమూనాను వివరించాడు. మీ ల్యాప్‌టాప్‌కు పునాది అదే. 1957 ఫిబ్రవరి 8న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లే.

మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే పోకర్‌, రమ్మీలపై 2017లోనే నిషేధం వచ్చింది. అయినా హాస్టల్‌ ఫీజు కోసం నాన్న పంపిన డబ్బుతో ఒక్క ఆట ఆడదామని చెయ్యి పీకుతోందా? ముందు కాగితం తీసుకుని ఆ నూటికి 12 లెక్క మీరే కట్టి చూడండి. సంభావ్యత, గణాంకశాస్త్రం, గేమ్‌ థియరీ పట్టుబడితే డేటా సైన్స్‌, బీమా, బ్యాంకింగ్‌ రంగాల్లో కొలువులున్నాయి. అక్కడ అదే లెక్కకు మీకే జీతమిస్తారు. పేకాట బల్ల దగ్గర బలహీనుడు ఎవరో కనిపించడం లేదంటే, ఆ కుర్చీలో ఉన్నది బహుశా మీరే!