కోలారు బంగారమును లోకమున కెఱిగించిన వారెను దొర

బంగారు గని యనగానే హైదరాబాదు, సికింద్రాబాదుల పెద్దలకు రాయచూరు జిల్లాలోని హట్టి జ్ఞప్తికి వచ్చెడిది. ఆ జిల్లా 1956 వఱకు మన సంస్థానములోనిదే గదా. అచటి ప్రాచీనపు గోతులలో దొరకిన కొయ్యలు సుమారు 2000 ఏండ్లనాటివని శాస్త్రజ్ఞులు తేల్చిరి. అయినను దక్షిణదేశపు బంగారు కథలో ముందుగా తలపవలసిన పల్లెలు కోలారు సీమలోని ఉరిగాము, మారికుప్పములు. అది తెలుగు మాట యింటింట వినవచ్చు నేల. ఆ పల్లెలను మొట్టమొదట కాగితముపై కెక్కించిన పరదేశి జాన్ వారెను.

ఈతడు 1769లో ఇటలీదేశపు లివోర్నో పట్టణమున జన్మించెను. ఐర్లండు మూలముగా గలిగి ఫ్రాన్సులోని లొరేను ప్రాంతమున స్థిరపడిన కులీనుల వంశము. ఫ్రెంచి విప్లవమున ప్రభువర్గమునకు కష్టకాలము రాగా దేశము విడిచి హిందూదేశము చేరెను. తన దేశమునకు పగవారైన ఆంగ్లేయుల కొలువే యాతనికి కూడు పెట్టెను. వారి 33వ పటాలమున చేరి 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో పాల్గొనెను. ఆ యుద్ధమున నిజాము సేనలతో జతపఱుపబడినది ఆ పటాలమే. ఆనాటి మైత్రి ఫలముగా హుస్సేనుసాగరమునకు ఉత్తరమున వెలసిన ఆంగ్లేయుల దండునకే, 1806లో సికందర్ జా పేర, సికింద్రాబాదు అను నామము కలిగెను.

టిప్పుసుల్తాను పతనానంతరము మైసూరు రాజ్యపు ఎల్లలను కొలువవలసి వచ్చెను. మన కైఫీయతులను సేకరించిన మెకంజీ దొర మైసూరును సర్వే చేయుచున్న కాలమది. 1802లో వారెను తూర్పుటెల్లను కొలుచుచు బూదికోట ప్రాంతమునకు వచ్చెను. సమీపముననే మట్టిలో బంగారమున్నదని జనులు చెప్పుకొను మాట యాతని చెవిని బడెను. ఇట్టి మాటలు మన పల్లెలలో ప్రతి పాడుకోటను గూర్చియు వినుచునే యుందుము. విన్నవారిలో నూటికి తొంబదితొమ్మండుగురు నవ్వి యూరకుందురు, ఒకడు రాత్రివేళ గునపము పట్టుకొని పోవును. వారెను ఈ రెండును చేయలేదు. చూపినవారికి బహుమానమిత్తునని చాటించెను.

అంతట ఉరిగాము గ్రామస్థులు ఎడ్లబండ్లపై మట్టి దెచ్చి యాతని యెదుటనే నీటిలో కడిగిరి. మన్ను కొట్టుకొని పోగా అడుగున పసిమి రజను మెఱసెను. సుమారు 56 కిలోగ్రాముల మట్టికి ఒక గ్రెయిను బంగారమని లెక్క తేలెను. గ్రెయినన్నచో మన గురివెందగింజ యెత్తులో సుమారు సగము. బండెడు మన్ను కడిగి అరగింజ బంగారము తీయు ఆ కూలీల యోర్పు ఎట్టిదో చదువరులే యూహింపవలెను. మారికుప్పమున పేదలు పాత గోతులలో దిగి రాళ్లు పైకి దెచ్చుటయు నాతడు చూచెను. చూచినది చూచినట్లు, కొలిచినది కొలిచినట్లు నివేదికలో వ్రాసెను. బంగారము చూపిన గ్రామస్థుల పేరులు మాత్రము చరిత్ర కెక్కలేదు. గ్రామపు లెక్కలు వ్రాయు నావంటివానికి ఇది పెద్ద లోటుగా తోచును. గనిని కనుగొన్నవారు వారు, వ్రాసినవాడు వారెను.

ఆ వ్రాత ఊరక పోలేదు. నడుమ కొందఱు త్రవ్వించి నష్టపడిరి. ప్రమాదముల వలన 1859లో భూగర్భపు త్రవ్వకము నిషేధింపబడెను. 1871లో ఫిట్జ్‌గెరాల్డు లావెల్ అను మాజీ సైనికుడు వారెను పాత నివేదికను చదివి ఎడ్లబండిపై బెంగుళూరు నుండి కోలారు చేరెను. 1880లో జాన్ టైలరు కంపెనీవారు వచ్చిరి, 1902లో శివసముద్రము నుండి విద్యుత్తు వచ్చెను. గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. తమిళ, తెలుగు కూలీలు ఆ వేడిలో తరములుగా శ్రమించిరి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడెను.

వారెనునకు బంగారముపై మోజున్నట్లు కానరాదు. 1805 నుండి 1811 వఱకు మదరాసు నక్షత్రశాలను నడపి, మదరాసు రేఖాంశమును క్రొత్తగా గణించి సవరించెను. 1815లో ఫ్రాన్సున రాజవంశము మరల గద్దెనెక్కగా స్వదేశమునకు పోయెను గాని, తుదకు పుదుచ్చేరికే తిరిగి వచ్చెను.

నా మట్టుకు ఆతని ఘనకార్యము 1825లో మదరాసున అచ్చయిన కాలసంకలిత మను గ్రంథము. తమిళుల సౌరమానము, తెలుగువారి చాంద్రమానము, మహమ్మదీయుల హిజరీ గణితము అందు వివరింపబడినవి. మన వావిలాల కొచ్చన్న గణితమును సైతము ఆతడు పేర్కొనెను. ఆ యేటనే పుదుచ్చేరిలో ఒక పంచాంగకర్త కలము పట్టక, గవ్వలను నేలపై పఱచి, కంఠస్థమైన పట్టికలతో చంద్రగ్రహణమును గణించి చూపెను. స్పర్శకాలము నాలుగు నిమిషముల తేడాతో కుదిరెను. మోక్షకాలము మాత్రము ఏబది నిమిషములకు పైగా తప్పెను. వారెను ఆ రెండంకెలను దాచక వ్రాసెను. ఉరిగాము మట్టిని తూచిన చేయియే యిది.

1830 ఫిబ్రవరిలో పుదుచ్చేరియందే ఆతడు కన్నుమూసెను. లావెల్ బండి కోలారు చేరుటకు ఇంకను నలువదియొక్క యేండ్లు కలవు.