నర్తనశాల కథ చెప్పిన నెల్లూరు మంత్రి

ఒక ఆడమనిషి సొంత పేరు దాచుకుని కొత్త ఊర్లో పనికి చేరింది. యజమానురాలి తమ్ముడు ఆమెను చూశాడు. వద్దంది, వినలేదు. పెళ్లయిందని చెప్పింది, అయినా వదల్లేదు. ఎవరికైనా గట్టిగా చెప్పుకుందామంటే అసలు పేరు బయటపడుతుంది. ఏదో కొత్త థ్రిల్లర్ వెబ్ సిరీస్ అనుకుంటున్నారా? కాదు. మన తెలుగులో 13వ శతాబ్దంలోనే వచ్చేసిన కథ ఇది. చెప్పిన ఆయన తిక్కన.

తిక్కన కాలం 1205 నుంచి 1288 వరకు అంటారు. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ్మ. తాత మంత్రి భాస్కరుడు గుంటూరులో పేరున్న మనిషి. అంటే ఇంట్లో పదవులూ ఉన్నాయి, చదువూ ఉంది. తిక్కన నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా చేరాడు. మా కమలాపురం దగ్గర పాపాఘ్ని పెన్నలో కలుస్తుంది కదా, ఆ పెన్న నీళ్లే కిందికి పోయి నెల్లూరు చేరతాయి. ఆ లెక్కన తిక్కన మాకు ఏటి వరస చుట్టమే!

ఆయన ఉద్యోగం కుర్చీలో కూర్చుని పద్యాలు రాసుకునేది కాదు. దాయాదులు మనుమసిద్ధి రాజ్యం లాక్కున్నప్పుడు తిక్కన ఓరుగల్లు పోయి, కాకతీయ గణపతిదేవుణ్ణి ఒప్పించి, సైన్యం సాయం తెచ్చి, రాజును మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడని చెప్తారు. సభలో ఎవరు మాట్లాడతారు, ఎవరు మాట్లాడకుండా తల దించుకుంటారు, ఎందుకు దించుకుంటారు అన్నది ఆయన రోజూ దగ్గర నుంచి చూసిందే.

మొదట నిర్వచనోత్తర రామాయణం రాసి మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. పేరుకు తగ్గట్టే అందులో వచనం లేదు, అంతా పద్యాలే. తర్వాత యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. అప్పుడు పెద్ద పని ఎత్తుకున్నాడు. నన్నయ మహాభారతాన్ని అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా నేరుగా విరాటపర్వంతో మొదలుపెట్టి, చివరిదాకా 15 పర్వాలు ఒక్కడే పూర్తి చేశాడు. ఈసారి అంకితం రాజుకు కాదు, హరిహరనాథుడికి. శైవులూ వైష్ణవులూ కొట్టుకుంటున్న రోజుల్లో ఇద్దరూ ఒకటే అనడానికి ధైర్యం కావాలి.

ఇక విరాటపర్వానికి వద్దాం. ద్రౌపది మాలిని అనే పేరుతో రాణి సుధేష్ణ దగ్గర సైరంధ్రిగా ఉంది. రాణి తమ్ముడు కీచకుడు ఆ రాజ్యానికి సేనాపతి. అతను వెంటపడ్డాడు. రాణికి సంగతి తెలుసు. తెలిసే ఆమెను కల్లు తెమ్మని తమ్ముడి ఇంటికి పంపింది. ద్రౌపది తప్పించుకుని పరుగెత్తి రాజు కొలువులోకి వస్తే, కీచకుడు అందరి ముందే తన్నాడు. విరాటుడు ఏమీ అనలేకపోయాడు, ఎందుకంటే అతని బలమంతా ఆ సేనాపతే. మారువేషంలో ఉన్న ధర్మరాజు కూడా ఆమె పక్షాన నిలబడలేదు. అజ్ఞాతవాసం బయటపడితే మళ్లీ 12 ఏళ్లు అడవే.

ఆ రాత్రి ఆమె వంటశాలకు పోయి భీముణ్ణి లేపింది. నర్తనశాలకు రమ్మని కీచకుడితో చెప్పడం, చీకట్లో ఆమె బదులు భీముడు ఉండటం మనకు తెలిసిందే. 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో సావిత్రి, ఎస్వీ రంగారావు దీన్ని కళ్లకు కట్టారు. కానీ చాలామంది మర్చిపోయేది ఆ తర్వాతి ముక్క. కీచకుడు చచ్చాక అతని తమ్ముళ్లు ఆమెను కూడా శవంతో పాటు కాల్చడానికి ఎత్తుకుపోయారు. భీముడు కాపాడాడు. తిరిగొస్తే రాణి ఆమెనే ఊరు విడిచి పొమ్మంది! ఇంకో 13 రోజులు ఓపిక పట్టమని ద్రౌపది అడుక్కోవాల్సి వచ్చింది.

ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? వెంటపడిన వాడు బాగానే తిరుగుతాడు. అమ్మాయికి మాత్రం ఫోన్ తీసేస్తారు, కాలేజీ మాన్పిస్తారు. ఆ భయానికే చాలామంది ఇంట్లో నోరు విప్పరు. ద్రౌపదికి అజ్ఞాతవాసం ఎలాంటిదో, వీళ్లకు చదువు అలాంటిది. ఇప్పుడు చట్టం ఉంది. వెంటపడటం నేరమని 2013లో ఐపీసీలో 354డి సెక్షన్ చేర్చారు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78. మొదటిసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా. ఆన్‌లైన్‌లో వెంటపడినా అదే లెక్క.

తిక్కన దగ్గర కవులూ ఎదిగారు. కేతన తన దశకుమారచరిత్రను ఆయనకే అంకితమిచ్చాడు. అదే కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో ధర్మశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చాడు. తిక్కనకు జనం కవిబ్రహ్మ అని పేరు పెట్టుకున్నారు.

వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. మొగులు వైపు చూస్తూ బతికే మా సీమకు ఆ అవసరం ఎక్కువే. ఈసారి ఎక్కడైనా చదివిస్తుంటే, వాన సంగతి అలా ఉంచి, కొలువులో ఆమె మాట్లాడే చోట కాస్త ఆగి వినండి. అంత పెద్ద సభలో గొంతెత్తి న్యాయం అడిగింది ఆమె ఒక్కతే.