గణితము నేర్వని శాస్త్రవేత్త: మైకేల్ ఫారడే

ఉన్నత పాఠశాలలోఁ బై తరగతుల గణితమును విద్యార్థు లందఱును నేర్చి తీరవలెనా యను చర్చ వచ్చినప్పుడెల్ల, లెక్కలకు వెఱచు బాలుఁడు ఫారడే పేరెత్తక మానఁడు. బీజగణితముతోఁ బనిలేకయే యా మహాశయుఁడు విద్యుచ్ఛక్తి రహస్యములను గనుఁగొనలేదా యని వాని వాదము. అందుఁ గొంత నిజము లేకపోలేదు. కాని యాతని చరిత్రమును సగము చదివి విడిచినవారే యట్లు వాదింతురు.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను చేరువ నొక పేద కమ్మరి యింట జన్మించెను. చదువుట, వ్రాయుట, సామాన్యమైన లెక్కలు. బడిలో నాతనికి లభించిన విద్య యింతియే. 1805లోఁ బుస్తకములకు అట్టలు కట్టు దుకాణమునఁ బనికిఁ గుదిరి యేడేండ్లు గడపెను. కట్టుటకు వచ్చిన గ్రంథములనే చదువసాగెను. 1812లో దుకాణమునకు వచ్చు నొక పెద్దమనుష్యుఁ డిచ్చిన టిక్కెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషనునకుఁ బోయి సర్ హంఫ్రీ డేవీ యుపన్యాసములు నాలుగు వినెను. విన్నదంతయుఁ జక్కగా వ్రాసి, పటములు గీచి, తన చేతులతోనే బైండు చేసి డేవీకిఁ బంపెను. మఱుసటి సంవత్సరము మార్చిలో నా సంస్థయందే సహాయకుఁడయ్యెను.

1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన నాతఁడు ఇనుప వలయమునకు రెండువైపులఁ దీఁగచుట్టలు చుట్టెను. ఒకచుట్టను బ్యాటరీతోఁ గలిపిన క్షణమునను, విడఁదీసిన క్షణమునను, రెండవచుట్ట వద్దనున్న సూచి కదలెను. ప్రవాహము నిలుకడగా నున్నంతసేపు సూచి చలింపలేదు. మార్పువలననే విద్యుత్తు పుట్టుచున్నదని యాతఁడు గ్రహించెను. నేఁడు మన యిండ్లకు వెలుఁగు నిచ్చు జనరేటరునకును, వీధి చివర నున్న ట్రాన్సుఫార్మరునకును మూల మిదియే. ఇంతవఱకు మన బాలుని మాటయే గెలిచినది.

ఇఁక రెండవ సగము. ఫ్రాన్సు దేశమున ఆంపియరు విద్యుత్తును గూర్చి వ్రాసిన గణితవ్యాసములు ఫారడేకుఁ గొఱుకుడు పడలేదు. 1822లో నా పండితునికి వ్రాసిన లేఖలోఁ దన లోపము నాతఁడు దాఁచుకొనలేదు. అయస్కాంతముపైఁ గాగితము పఱచి ఇనుపరజను చల్లినచోఁ గనఁబడు వంపు గీతలను జూచి, శక్తి యా చుట్టునున్న ప్రదేశమందే వ్యాపించియున్నదని యాతఁడు తలఁచెను. ఈ బలరేఖలను సమీకరణములలోఁ జెప్పలేకపోవుటచే, గణితవేత్తలలోఁ బెక్కురు దీర్ఘకాలము వానిని లక్ష్యపెట్టరైరి. ఆతని యూహ సరియైనదే. దానిని వారి భాషలోఁ జెప్పఁగల విద్య మాత్ర మాతనికి లేదు.

ఆ విద్య గలవాఁడు, విచిత్రముగా, సూచి కదలిన 1831లోనే పుట్టెను. జేమ్సు క్లార్కు మాక్స్‌వెల్ బలరేఖలను గణితమునఁ బొదిగి వ్యాసము వ్రాసి పంపఁగా, అంతటి గణితమును జూచి వృద్ధుఁడైన ఫారడే మొదట బెదరెను. తన యూహ దానికిఁ దాళినందుకుఁ బిదప నాశ్చర్యపడెను. 1857లో మాక్స్‌వెల్‌కు వ్రాయుచు, గణితవేత్తలు తమ ఫలితములను మాబోంట్లకుఁ దెలియు సామాన్యభాషలోఁ గూడఁ జెప్పఁగూడదా యని యడిగెను. ఆ ప్రశ్న నేఁటి ఉపాధ్యాయులకును జెల్లును.

1862లో ఇంగ్లండునందలి ప్రసిద్ధ పాఠశాలలను విచారించిన సంఘము నెదుట సాక్ష్యమిచ్చుచు, బాలురకుఁ బ్రకృతిశాస్త్రము నేర్పవలయునని ఫారడే గట్టిగాఁ జెప్పెను. విద్యాధికు లనఁబడువారును ఆ విషయమున నజ్ఞానులై యుండుటను దాను జూచితినని తెలిపెను. పాఠక్రమమున నేది నిర్బంధమో, ఏది యైచ్ఛికమో యను తగవు నాఁడును గలదు.

ఉన్నత గణిత మందఱిపై రుద్దవలెనని నే ననను. అది రానివాఁడు బుద్ధిహీనుఁడు గాఁడు, ఫారడేయే సాక్షి. కాని పదునాలుగేండ్ల బాలునికిఁ దా నే తలుపు మూసికొనుచున్నాఁడో తెలియదు. ఫారడేకు పేదఱిక మా తలుపు మూసినది; మన బాలుఁడు తన భయముచేత మూసికొనుచున్నాఁడు. అందుచేఁ గొంతదూరమైన నందఱును నడవవలెనని నా యభిప్రాయము.

1865లోఁ బ్రకటించిన వ్యాసమున మాక్స్‌వెల్, వెలుఁగు సైతము విద్యుదయస్కాంత తరంగమే యని సమీకరణములచేఁ జూపెను. ఫారడే 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులోఁ గన్నుమూసెను. జర్మనీలో హెర్ట్‌జ్ ఆ తరంగములను బ్రయోగశాలలోఁ బుట్టించి చూపునప్పటికి మఱి యిరువదేండ్లు గడచినవి.